రెబెక్కా నర్స్ ఇంటికి వెళ్లేముందు

చిన్నీ,

వచ్చే శనివారం అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని డాన్వర్స్‌లో, 1692 సేలం మంత్రగత్తె విచారణల్లో ఉరితీసిన రెబెక్కా నర్స్ (నర్స్ ఇంటిపేరే) ఇల్లు చూడటానికి ఒక్కదానివే బయల్దేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. మీ వయసు పిల్లలు సేలం వెళ్లి, మంత్రగత్తె టోపీలు పెట్టుకుని ఫోటోలు దిగి వస్తారు. నువ్వు అసలు చోటు వెతుక్కున్నావు, చాలా గర్వంగా ఉంది. ఒక్కదానివే అనేసరికి టెన్షన్ కూడా పట్టుకుంది.

ఆ ఇల్లు ఏడాది పొడవునా తెరిచి ఉండదు, వేళలు చూసుకుని వెళ్లు. తిరుగు ప్రయాణానికి కారు ముందే మాట్లాడుకో. చలికోటు మర్చిపోకు.

లోపలికెళ్లాక పాత సామాను చూస్తూ ఉండిపోకు. ముందు ఆవిడ సంగతి తెలుసుకో. 1678లో భర్త ఫ్రాన్సిస్‌తో ఆ పొలానికి వచ్చింది. ఎనిమిది మంది పిల్లల తల్లి. 1692లో మంత్రగత్తె అని పట్టుకెళ్లేనాటికి 71 ఏళ్లు, జబ్బుతో మంచం మీద ఉంది. డాన్వర్స్‌ను అప్పట్లో సేలం విలేజ్ అనేవాళ్లు.

జ్యూరీ మొదట నిర్దోషి అనే తేల్చింది. నింద వేసిన అమ్మాయిలు గోల పెట్టారు. ప్రధాన న్యాయమూర్తి స్టౌటన్, ఆవిడ అన్న ఒక మాట మళ్లీ ఆలోచించమని జ్యూరీతో అన్నాడు. తనతోపాటు జైల్లో ఉన్నవాళ్లు తన మీదే సాక్ష్యానికి వస్తే, వీళ్లు మాలోవాళ్లే కదా అన్నట్టు ఏదో అన్నది. తోటి ఖైదీలని ఆవిడ ఉద్దేశం. తోటి మంత్రగత్తెలని కోర్టువాళ్లు అర్థం చేసుకున్నారు. ఆ మాటకి అర్థమేమిటని జ్యూరీ పెద్ద అడిగితే ఆవిడ జవాబివ్వలేదు. వినపడలేదు, చిన్నీ! తనకి చెవులు సరిగా వినపడవని, పైగా దుఃఖంలో ఉన్నానని తర్వాత రాసిచ్చింది. అప్పటికే తీర్పు మార్చేశారు. జూలై 19న ఉరి తీశారు.

ఇది తలుచుకున్నప్పుడల్లా మా నాయనమ్మ గుర్తొస్తుంది. చెవుడొచ్చాక ఎవరేం అడిగినా ఊరికే చూసేది. కోడళ్లు పొగరనుకునేవాళ్లు. పక్కన కూర్చుని చెవిలో చెబితే ఎంత బాగా మాట్లాడేదో! మన పల్లెల్లోనూ చేతబడి, బాణామతి అని ముసలివాళ్లని కొట్టి చంపిన వార్తలు వింటూనే ఉన్నాం. అందుకే ఆ గదుల్లో నవ్వుతూ సెల్ఫీలు దిగావంటే ఊరుకోను. నువ్వలాంటి పిల్లవి కాదని తెలుసు, అయినా చెప్పకుండా ఉండలేను.

అక్కడే వాళ్ల కుటుంబ శ్మశానం ఉంది. పిల్లలు ఆవిడ శవాన్ని రహస్యంగా తెచ్చి ఆ పొలంలోనే పాతిపెట్టారని చెప్పుకుంటారు. 1885లో వారసులు పెట్టించిన స్తంభం దగ్గర ఆగిపోయి వెనక్కి రాకు. 1892లో పెట్టిన ఇంకో రాయి ఉంది, ఆవిడ మంచిదని సంతకాలు చేసిన ఇరుగుపొరుగువాళ్ల పేర్లతో. ఆ రోజుల్లో అలా సంతకం పెడితే రేపు తమ మీదా నింద పడొచ్చు. అయినా పెట్టారు. ఆ పేర్లన్నీ నిలబడి చదువు. అక్షరాలు కనిపించేలా దగ్గర్నుంచి ఫోటో తీసి నాకు పంపు.

చీకటి పడకముందే బయల్దేరు. గదికి చేరగానే మీ అమ్మకి ఫోన్ చెయ్యి, నాకు తర్వాత చేసినా ఫర్వాలేదు.

పెద్దమ్మ