నాలుగో డైమెన్షన్ కనబడటం లేదని మ్యాథ్స్ మానేయాలా?

పన్నెండో తరగతి చదివే మీ అమ్మాయికి మ్యాథ్స్ అంటే ప్రాణమని, డిగ్రీలోనూ అదే తీసుకుంటానని మొన్నటిదాకా అనేదని, కానీ నాలుగో డైమెన్షన్ మీద ఏదో వీడియో చూశాక, ఎంత కళ్లు మూసుకుని ఊహించుకున్నా అది కనబడటం లేదని టెన్షన్ పడి "నాకంత బుర్ర లేదు, వేరే కోర్సు చూసుకుంటా" అంటోందని రాశారు. ఈ ఒక్క కారణంతో మాత్రం మారనివ్వకండి.

నాలుగో డైమెన్షన్ అంటే పొడవు, వెడల్పు, ఎత్తు, ఈ మూడింటికీ లంబంగా ఇంకో దిక్కు. దాన్ని నేరుగా చూడటం ఎవరి తరమూ కాదు, ఎందుకంటే మనం పుట్టి పెరిగిందే మూడు దిక్కుల్లో. మ్యాథ్స్‌లో దాన్ని లెక్కతో పట్టుకుంటారు. ఒక కాగితం తీసుకుని మీరే చూడండి. ఒక గీతను పక్కకు జరిపితే చతురస్రం, చతురస్రాన్ని పైకి జరిపితే ఘనం. జరిపిన ప్రతిసారీ పాత బొమ్మ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి ఉంటుంది, మధ్యలో ఒక్కో మూలా ఒక్కో కొత్త అంచును గీస్తుంది. చతురస్రానికి 4 అంచులు, 4 మూలలు కాబట్టి ఘనానికి రెండు నాలుగులు ఎనిమిది, దానికి నాలుగు కలిపితే 12 అంచులు. అదే పద్ధతిలో ఘనాన్ని ఆ కనబడని దిక్కులోకి జరపండి: రెండు పన్నెండ్లు 24, ఎనిమిది మూలలు గీసినవి 8, మొత్తం 32. మూలలేమో 16. దాని పేరు టెసరాక్ట్. ఎవరూ చూడని వస్తువుకి అంచులు లెక్కపెట్టేశాం! నాకైతే ఇప్పటికీ ఇది ఒళ్లు పులకరించే విషయం.

కాలమే నాలుగో డైమెన్షన్ కదా అని కూడా అడిగారు. అది 1908లో మింకోవ్‌స్కీ అనే గణితవేత్త చెప్పిన స్థలకాలం, అంటే స్థలాన్నీ కాలాన్నీ కలిపి చూడటం. అక్కడ దూరం సూత్రంలో కాలం ముందుండే ప్లస్, మైనస్ గుర్తు మిగతా మూడు దిక్కుల గుర్తుకు వ్యతిరేకంగా ఉంటుంది. ఇది వేరే సంగతి.

అలీషియా బూల్ స్టాట్ అనే గణితవేత్త గురించి మీ అమ్మాయికి చెప్పండి. ఆవిడ యూనివర్సిటీ మెట్లెక్కలేదు. చిన్న వయసులోనే చెక్క ఘనాలతో సాధన చేసి, తర్వాత నాలుగు డైమెన్షన్ల ఆకారాలను అడ్డంగా కోస్తే వచ్చే ముక్కలను అట్టతో తయారుచేశారు. 1914లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ యూనివర్సిటీ ఆవిడకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. అంటే ఆ ఊహ కూడా చేతులతో పనిచేయగా పనిచేయగా వచ్చేదే, ఒక్క వీడియోతో రాలేదని ఏడవడం అన్యాయం.

ఉద్యోగాల మాటకొస్తే, త్రీడీ గ్రాఫిక్స్‌లో ఒక బిందువును నాలుగు అంకెలతో రాసి 4×4 మ్యాట్రిక్స్‌తో, అంటే నాలుగు వరుసల అంకెల పట్టికతో తిప్పుతారు, కంప్యూటర్‌కి ఉదాహరణలతో నేర్పే మెషిన్ లెర్నింగ్‌లో ఒక్కో మాటను వందల అంకెల వరుసగా మారుస్తారు. అన్నిటికీ పునాది లీనియర్ ఆల్జీబ్రా, అంటే ఇలాంటి అంకెల వరుసలతో, పట్టికలతో చేసే మ్యాథ్స్. అందులో చిత్రం కంటే సూత్రమే ఎక్కువ ఆదుకుంటుంది. నిజంగా ఆలోచించాల్సింది వేరే ఉంది: డిగ్రీలో ప్రూఫ్‌లు (నిరూపణలు) మొదలయ్యాక ఒకే ప్రశ్నతో రోజుల తరబడి కూర్చునే ఓపిక తనకుందా?

టెసరాక్ట్‌లో ఎన్ని చతురస్రాలుంటాయో కనుక్కోమనండి. జవాబు 24, కానీ మీరు చెప్పొద్దు. పది నిమిషాలకే విసుగొచ్చి కాగితం పక్కన పడేసి, మళ్లీ దాని జోలికే వెళ్లకపోతే, అప్పుడు వేరే కోర్సుల గురించి మాట్లాడుకుందాం. అదే రాత్రి భోజనం దగ్గర "మరి ఐదో డైమెన్షన్‌లో ఎన్నుంటాయి నాన్నా?" అని తనంతట తానే అడిగితే, అప్లికేషన్‌లో మ్యాథ్స్ అని రాయించేయండి.