బల్ల టైముకి లేచి వెళ్ళిపోతున్నా, తప్పా?

ప్రశ్న: అయ్యగారూ వందనాలు. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. పొలం గట్టు విషయంలో మా తోడికోడలికీ నాకూ మాటల్లేవు, ఏడాది దాటింది. ఇద్దరిదీ ఒకటే సంఘం. నెలలో మొదటి ఆదివారం బల్ల (ప్రభువు జ్ఞాపకార్థం రొట్టె, ద్రాక్షరసం) ఇస్తారు. అయోగ్యంగా తీసుకుంటే శిక్ష అని మా పాస్టర్ గారు ప్రతిసారీ చదువుతారు కదా, భయమేసి ప్రసంగం అవ్వగానే చెప్పులేసుకుని వచ్చేస్తున్నా. తను మాత్రం వెళ్ళి తీసుకుంటుంది. నా ఫ్రెండ్ వాళ్ళ సంఘంలో ప్రతి వారం ఇస్తారట, అలా అయితేనే ఆత్మీయంగా ఎదుగుతాం అంటుంది. అసలు రొట్టె ముక్కతో, గుక్కెడు రసంతో ఎదుగుదల ఏంటండీ? ఇంకోటి, మంచాన పడ్డ మా అత్తగారు తోడికోడలి ఇంట్లోనే ఉంటారు, పాస్టర్ గారు నెలనెలా అక్కడికెళ్ళి బల్ల ఇస్తారు. అలా ఇంట్లో ఇవ్వొచ్చా? (ఒక సోదరి)

జవాబు: వందనాలమ్మా. ముందు మీ భయం సంగతి చూద్దాం. 1 కొరింథీ 11లో 27వ వచనం ఒక్కటే తీసి చదివితే ఎవరికైనా గుండె దడే, 17 దగ్గర మొదలుపెట్టి చదవండి. కొరింథు సంఘంలో బల్ల అంటే ఇప్పట్లా వేలెడు గ్లాసు కాదు, భోజనంతో కలిసే ఉండేది, ఉన్నవాళ్ళు ముందే కూర్చుని తినేసి తాగేసి మత్తులో ఉంటే లేనివాళ్ళు ఆకలితో చూస్తుండేవాళ్ళు. ఆ ఉత్తరం రాసిన పౌలు మండిపడింది దాని మీద! పక్క విశ్వాసిని పురుగులా చూసి ప్రభువు రొట్టె విరవడం ఏంటని. అందులో జబ్బుల మాట, చావుల మాట కూడా ఉంది, తేలిగ్గా తీసుకోమని నేననట్లేదు. కానీ పరీక్షించుకుని తినండి అన్నాడు గానీ పరీక్షించుకుని ఇంటికి పొండి అన్లేదు. ఆఖర్న చెప్పిన మందు కూడా ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఆగండి అనే. ఈ ముక్క మన గుళ్ళల్లో ఎందుకో ఎవరూ చదవరు.

మత్తయి 5లో ప్రభువు చెప్పింది చూడండి, సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే అర్పణ అక్కడే వదిలి వెళ్ళి సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు అని. మీరు అందులో సగమే చేస్తున్నారు, బల్ల వదిలి వెళ్తున్నారు, కాకపోతే వెళ్తోంది తోడికోడలి దగ్గరికి కాదు, మీ ఇంటికి. ఆవిడ ఎలా తీసుకుంటోందో ఆవిడకీ ప్రభువుకీ మధ్య విషయం, దాన్ని వదిలేయండి.

ఇక ఎదుగుదల. ఆ రొట్టె నిజంగా ప్రభువు శరీరం అవుతుందా లేదా అన్న దాని మీద కాథలిక్కులది ఒక నమ్మకం, మన ప్రొటెస్టెంట్లది ఇంకోటి, 1529లో ప్రొటెస్టెంట్ పెద్దలు లూథర్, జ్వింగ్లీ జర్మనీలోని మార్‌బుర్గ్‌లో కూర్చుని వాదించుకుని కూడా అక్కడ మాత్రం కలవలేదు, మనం ఇక్కడ తేల్చేదేం లేదు. నా మటుకు నాకు తెలిసింది ఒకటుంది, ఒంటరిగా ప్రార్థన చేసుకోవచ్చు, వాక్యం చదువుకోవచ్చు, ఉపవాసం ఉండొచ్చు, బల్ల మాత్రం ఒక్కరే తీసుకునేది కాదు, నచ్చని మనిషి పక్కన మోకాళ్ళూని అదే రొట్టెలో ముక్క తీసుకోవాలి, మనల్ని మార్చేది అదే. మన దగ్గరే చూడండి, 1912లో అజరయ్య గారు దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే, తిరునెల్వేలి వైపు తమిళాయన అయ్యుండి తెలుగు నేర్చుకుని ఊళ్ళు తిరిగారు. బాప్తిస్మం తీసుకున్నాక కూడా చాలా ఊళ్ళలో మాలలు, మాదిగలు కలిసి కూర్చోడానికి వెనకాడే రోజులవి. వాళ్ళని ఒకే బల్ల దగ్గరికి తేవడం ఎన్ని ప్రసంగాలకంటే కష్టమో మీ ఊళ్ళో పెద్దవాళ్ళని అడగండి, కొన్ని చోట్ల ఇప్పటికీ తెమల్లేదు కూడా. వేరువేరు మిషన్ల సంఘాల మధ్యా అంతే, 1919లో తమిళనాడు తరంగంబాడిలో ఐక్యత మాటలు మొదలైతే 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో అవి కలిసి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడేసరికి 28 ఏళ్ళు పట్టింది. అజరయ్య గారు అది చూడకుండానే 1945లో ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు.

ప్రతి వారమా, నెలకోసారా అంటే బైబిల్లో లెక్క లేదు. మీ దగ్గర్లోని నరసాపురం వైపు బ్రదరెన్ సంఘాల్లో ప్రతి ఆదివారం రొట్టె విరవడం 1830ల్లో వచ్చిన మిషనరీల నాటి పద్ధతి. జెనీవాలో కాల్విన్ అనే ప్రొటెస్టెంట్ పెద్ద కూడా వారం వారం ఉండాలన్నాడు, నగర పెద్దలు ఒప్పుకోక ఏడాదికి 4 సార్లకే దిగింది. వారానికోసారి తీసుకుంటే మంచిదే, నాకూ అదే ఇష్టం, అలాగని మీ ఫ్రెండ్‌కి నాలుగింతలు ఆత్మీయత వచ్చేస్తుందనుకోకండి.

అత్తగారికి ఇంట్లో ఇవ్వడం వందకి వంద శాతం సరైనదే. రెండో శతాబ్దంలోనే జస్టిన్ అనే ఆయన రాశాడు, కూటానికి రాలేనివాళ్ళకి పరిచారకులు ఇంటికి తీసుకెళ్ళి ఇస్తారని. అదే మీకు దారి కూడా. ఈసారి పాస్టర్ గారు వెళ్ళే రోజు కనుక్కుని మీరూ వెంట వెళ్ళండి, తోడికోడలికి ముందే కబురు పెట్టించండి, లేకపోతే గొడవకి వచ్చారనుకుంటుంది. అత్తగారి మంచం దగ్గర ముగ్గురూ కలిసి తీసుకోండి. మాట మీరే ముందు కలపండి, ఒదినా అనో చెల్లీ అనో మీ వరసేదో నాకు తెలీదు. పొలం గట్టు మాట మాత్రం ఆ రోజు ఎత్తొద్దు, దానికి సర్వేయర్‌ని పిలిపించుకోండి.