సియోల్‌లో బెక్జే మట్టికోట గోడ కోసం సగం రోజు పెట్టొచ్చా?

సియోల్‌లో ఒక్క రోజే ఉంటాం, పుంగ్నప్ తోసంగ్ (పాతకాలపు కొరియా రాజ్యం బెక్జే కట్టిన మట్టికోట) ఫోటోల్లో గడ్డి దిబ్బలా ఉంది, వెళ్ళాలా వద్దా అని అడిగారు కదా. తప్పకుండా వెళ్ళండి, కాకపోతే ముందు మ్యూజియం చూసి అప్పుడు గోడ దగ్గరికి వెళ్ళండి.

నేను అక్కడ చదువుకునేటప్పుడు మొదటిసారి నేరుగా ఛన్‌హో మెట్రో స్టేషన్‌లో దిగి వెళ్ళా. అచ్చం మన చెరువు కట్టలా ఉంది, పైనంతా గడ్డి, పక్కన వాకింగ్ చేసే పెద్దవాళ్ళు, వెనకాల అపార్ట్‌మెంట్లు, ఇరవై నిమిషాల్లో వచ్చేశా. కొన్ని నెలలకి ఒలింపిక్ పార్క్‌లోని హాన్‌సంగ్ బెక్జే మ్యూజియంకి వెళ్తే, లోపలికి అడుగు పెట్టగానే ఆ గోడని అడ్డంగా కోస్తే లోపల ఎలా ఉంటుందో అలా మట్టి పొరలతో సహా నిలబెట్టారు, మెడ పూర్తిగా ఎత్తితే గానీ పైఅంచు కనపడలేదు. దాదాపు అంతా మట్టే. ఒక పొర పోసి దిమ్మిస కొట్టడం, మళ్ళీ ఇంకో పొర, మట్టి జారకుండా కొన్నిచోట్ల మధ్యలో ఆకులు పరిచారు. 1999లో తూర్పు గోడని కోసి చూస్తే అడుగున వెడల్పు దాదాపు 43 మీటర్లు, ఎత్తు 11 మీటర్లు! వరంగల్‌లో కాకతీయుల మట్టికోట ఎక్కినవాళ్ళకి ఇదెంత పనో వెంటనే తెలుస్తుంది.

బెక్జే మొదటి రాజధాని హాన్‌సంగ్ కోట ఇదే అని ఇప్పుడు ఎక్కువ మంది చరిత్రకారులు అంటారు. 475లో పొరుగు రాజ్యం గొగుర్యో రాజు జాంగ్సు దీన్ని పట్టుకున్నాక రాజధాని దక్షిణాన గోంగ్జుకి మారిపోయింది. 1925 వరదలో పడమటి గోడ చాలావరకు కొట్టుకుపోయింది. 1997లో లోపల అపార్ట్‌మెంట్ పునాదులు తవ్వుతుంటే దాదాపు నాలుగు మీటర్ల లోతున బెక్జే కుండ పెంకులు బయటపడ్డాయి, అప్పటినుంచి అక్కడ తవ్వాలన్నా కట్టాలన్నా ఆంక్షలే. ఆ పాత ఇళ్ళ మధ్య నడుస్తుంటే నాకు గోడ మీద ఎంత ప్రేమ కలిగిందో, సొంత ఇల్లు తిరిగి కట్టుకోలేని వాళ్ళని చూసి అంత బాధా కలిగింది.

2015లో యునెస్కో గుర్తింపు వచ్చింది గోంగ్జు, బుయో, ఇక్సాన్‌లలోని బెక్జే స్థలాలకి, సియోల్ గోడ అందులో లేదు. అందుకే టూరిస్టులు తక్కువ, ప్రశాంతంగా చూడొచ్చు.

మ్యూజియం అయ్యాక అదే పార్క్‌లో ఉన్న మొంగ్‌ఛోన్ తోసంగ్ గట్టు మీద నడవండి, అదీ బెక్జే వాళ్ళదే. తర్వాత మెట్రో ఎనిమిదో లైన్ ఎక్కితే రెండో స్టాప్ ఛన్‌హో. మ్యూజియంకి టికెట్ లేదు, సోమవారం మాత్రం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.