2,000 పెట్రోల్‌కి 2,023.60 ఎందుకు పడింది?

క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో 23.60 ఎక్కువ పడిందని, పైగా బంకు పేరు బదులు ఏదో తెలియని పేరు ఉందని అడిగారు కదా, టెన్షన్ పడకండి బ్రదర్, ఇది మోసం కాదు. మీరు కొట్టించింది 2,000కే, కానీ క్రెడిట్ కార్డు గీకితే బంకుల్లో మామూలుగా 1 శాతం ఫ్యూయల్ సర్‌చార్జ్ అని అదనంగా వేస్తారు, అంటే 20 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 3.60, కలిపితే మీరు చెప్పిన 23.60 పైసలతో సహా సరిపోయింది చూడండి. మీ కార్డుకి సర్‌చార్జ్ మాఫీ ఉంటే ఆ 20 తర్వాత విడిగా క్రెడిట్ అవుతుంది, స్టేట్‌మెంట్‌లో కింద ఎక్కడో ఉంటుంది, వెతకండి. జీఎస్టీ మాత్రం చాలా కార్డుల్లో తిరిగి రాదు, దాని మీద ఆశ వదిలేయండి. మాఫీకి కనీసం ఇంత, గరిష్ఠంగా ఇంత అని లిమిట్ కూడా ఉంటుంది, 100, 200కి గీకితే రాకపోవచ్చు.

ఇక ఆ తెలియని పేరంటారా, అది మామూలుగా బంకు డీలర్ ఫర్మ్ పేరే అయి ఉంటుంది. బోర్డు మీద ఇండియన్ ఆయిల్ అని ఉన్నా స్టేట్‌మెంట్‌లో ఏ వెంకటేశ్వర ఏజెన్సీస్ అనో పడుతుంది. నేనూ ఓసారి ఇలాగే కంగారుపడి కార్డు బ్లాక్ చేయించాను, తీరా చూస్తే జేబులో నలిగిపోయిన స్లిప్పు పైన అదే పేరు! మీరూ ముందు స్లిప్పు చూడండి. తేదీ, పేరు రెండూ కలవకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా కార్డు వెనకాల ఉన్న నంబర్‌కి ఫోన్ కొట్టండి.