చిన్నా, ముందు నీ హిమోగ్లోబిన్ ఎంతో కనుక్కో

చిన్నా,

డయాలసిస్ అయిన మర్నాడు కూడా నువ్వు లేవలేకపోతున్నావని, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పి ఏడ్చింది. నిన్ను బద్ధకస్తుడనే వాళ్ళ మాట పట్టించుకోకు. ఇక్కడ బరంపురంలో ఆరేళ్ళుగా వారానికి మూడుసార్లు ఆ మంచమెక్కుతున్నవాణ్ణి, ఆ నీరసం నాకు తెలుసు. అది చాలావరకు రక్తం తక్కువై వచ్చేది.

కిడ్నీలు ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోను కూడా తయారుచేస్తాయి, అది అందితేనే ఎముకల్లోని మజ్జలో ఎర్ర రక్తకణాలు సరిగా పుడతాయి. మనకి అదే తగ్గిపోయింది. పైగా ప్రతిసారీ మిషన్ గొట్టాల్లో కొంత రక్తం మిగిలిపోతుంది, పరీక్షలకి తీసేది వేరే. అందుకే ఇది తిండితో తీరేది కాదు.

ఊళ్ళో అందరూ ప్రేమతోనే బీట్‌రూట్ రసం తాగు, ఖర్జూరం తిను, మునగాకు వండుకో అంటారు, ఉద్దానం చుట్టాలైతే కొబ్బరి బొండాలే దింపుతారు. వాటన్నిటిలో పొటాషియం ఎక్కువ. మన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, ఒంట్లో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు కూడా. మొదటి ఏడాది నేను రెండు బొండాలు తాగి, కాళ్ళు పట్టు తప్పి, అర్ధరాత్రి ఆటోలో ఆస్పత్రికి వెళ్ళాను. మీ పెద్దమ్మ ఆ రోజు నుంచి బొండాన్ని గడప దాటనివ్వదు.

డాక్టరుగారిని మూడు అంకెలు అడుగు: హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పేది), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ని మోసే ప్రొటీన్ ఎంత శాతం నిండిందో చెప్పేది). ఐరన్ లేకుండా ఈపీఓ, అంటే ఆ ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ ఒక్కటే చేయించుకోవడం బియ్యం లేకుండా ఎసరు పెట్టినట్టే. ఐరన్ డయాలసిస్ జరిగేటప్పుడే ఎక్కించేస్తారు, వేరే సూది ఉండదు. మనకి హిమోగ్లోబిన్ 10 నుంచి 11.5 వరకు ఉంటే చాలు, అందరిలా 13 దాటించాలని ఆశపడకు, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం లాంటి ప్రమాదాలు పెరుగుతాయి. ఇంజెక్షన్‌తో బీపీ కూడా పెరగొచ్చు, ఇంట్లో చూసుకుంటూ ఉండు. మందు ఫ్రిజ్‌లోనే ఉండాలి, గడ్డకట్టకూడదు, పర్లాకిమిడి బస్సులో తెచ్చుకుంటే ఐసు మందు సీసాకి తగలకుండా గుడ్డ చుట్టు.

రక్తం ఎక్కించమని ఎవరైనా తొందరపెడితే, కిడ్నీ మార్పిడి ఆలోచన ఉందని డాక్టరుకి ముందే చెప్పు. ఎక్కించిన రక్తానికి శరీరంలో యాంటీబాడీలు, అంటే పరాయి కణాల మీద దాడి చేసేవి, పుడితే రేపు కిడ్నీ కుదరడం కష్టమవుతుంది. ప్రాణం మీదికొస్తే మాత్రం ఆలోచించకు, ఎక్కించుకో.

ఖర్చని నేను నాలుగు నెలలు ఇంజెక్షన్ మానేశాను. హిమోగ్లోబిన్ 7.2కి పడిపోయింది, స్నానం చేసి వచ్చి మంచం పట్టుకుని కూర్చునేవాణ్ణి. మళ్ళీ 10కి రావడానికి మూడు నెలలు పట్టింది, ఆ తర్వాత ఇక్కడి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రకి మీ పెద్దమ్మతో కలిసి నడిచే వెళ్ళాను. నువ్వూ వారం రోజుల్లో మార్పు రాలేదని మానేయకు.

ఈ నెల రిపోర్టు రాగానే ఆ మూడు అంకెలూ నాకు వాట్సాప్ చెయ్యి.

మీ పెదనాన్న