మాది ఎస్.పి.జి., వాళ్ళది వెస్లియన్: పెళ్ళికి అడ్డా?

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది నంద్యాల. సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మెదక్ డయోసిస్‌కు (ఒక బిషప్పు కింద ఉండే చర్చిల ప్రాంతానికి) చెందిన అబ్బాయితో పెళ్ళి కుదిరింది. రెండువైపులా సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళమే. అయినా మా జేజి ఒప్పుకోవడం లేదు. "మనం ఎస్.పి.జి. (ఒక ఇంగ్లీషు మిషన్) వాళ్ళం, వాళ్ళు వెస్లియన్లు (ఇంకో మిషన్ వాళ్ళు), వాళ్ళ అయ్యగార్లకు (పాస్టర్లకు) బిషప్పు చేతులు పడలేదు" అంటోంది. మేము 1975 దాకా సి.ఎస్.ఐ.లోనే లేమని కూడా చెప్తోంది. సి.ఎస్.ఐ. 1947లో ఏర్పడిందని నేను చదివాను. ఏది నిజం? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకురాలు

జవాబు: ముందు పెళ్ళి సంగతి చెప్పేస్తానమ్మా. ఏ అడ్డూ లేదు. రెండూ ఒకే సభలోని డయోసిస్‌లు. మీ అయ్యగారిని కలిసి బాప్తిస్మం, కన్ఫర్మేషన్ సర్టిఫికెట్లు తీసుకోండి. పెళ్ళి ప్రకటన మీ చర్చిలోనూ వాళ్ళ చర్చిలోనూ చదివించుకోండి. అంతే.

ఇక జేజి మాటలు. 1975 అన్నది నిజం. మీరు చదివిన 1947 కూడా నిజమే. బిషప్పు చేతుల సంగతి మాత్రం ఒకప్పుడు నిజం, ఇప్పుడు కాదు. ఆవిణ్ణి చాదస్తం అని తోసెయ్యకండి. ఆ మాట వెనక మన ప్రాంతం ఇరవై ఎనిమిదేళ్ళు పడిన బాధ ఉంది. నేను కోయిలకుంట్ల వైపు పల్లెలో ఎస్.పి.జి. బడి టీచరు కూతురిగా పెరిగాను కాబట్టి అది నాకు బాగా తెలుసు.

మన ఊరికి ముందు ఏ మిషన్ వాళ్ళు వస్తే మనం ఆ చర్చి వాళ్ళమయ్యాం. మచిలీపట్నానికి 1841లో సి.ఎం.ఎస్. అనే మిషన్ వాళ్ళు వచ్చారు. కడప, జమ్మలమడుగు, గుత్తి లండన్ మిషన్‌వి. మెదక్ వెస్లియన్లది, అంటే బ్రిటిష్ మెథడిస్టులది. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల ఎస్.పి.జి.వి. సి.ఎం.ఎస్., ఎస్.పి.జి. రెండూ ఆంగ్లికన్‌లే (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వాళ్ళే) అయినా తీరు వేరు. సి.ఎం.ఎస్. వాళ్ళ ఆరాధన సాదాగా ఉండేది. ఎస్.పి.జి. వాళ్ళకు బలిపీఠం, కొవ్వొత్తులు, అయ్యగారి అంగీ, అన్నిటికన్నా మించి బిషప్పు ముఖ్యం. అపొస్తలుల నుంచి వరుసగా వచ్చిన బిషప్పు తలమీద చేతులుంచితేనే అయ్యగారు నిజమైన గురువవుతాడని వాళ్ళ నమ్మకం. లండన్ మిషన్‌కు, వెస్లియన్లకు అప్పట్లో బిషప్పులే లేరు. జేజి మాటకు మూలం ఇదే.

వీళ్ళందరినీ కలపాలని పట్టుబట్టినవాడు వి.ఎస్. అజరయ్య గారు. తిరునల్వేలి మనిషి, తెలుగు నేర్చుకుని నైజాంలోని డోర్నకల్‌లో పనిచేశాడు. 1912లో కలకత్తాలో ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకం పొందిన మొదటి భారతీయుడు ఆయనే. 1919 మే నెలలో తరంగంబాడిలో ఆయనా మరికొందరు సంఘ నాయకులూ కూర్చుని ఒక ప్రకటన చేశారు. అందులో దాదాపు అందరూ మన దేశం వాళ్ళే. ఈ చీలికలు మేము తెచ్చుకున్నవి కావు, బయటినుంచి మా నెత్తిన పడ్డవి, వీటిని ఇంకా మొయ్యాలని మాకు లేదు అన్నది దాని సారాంశం. ఎక్కడో ఇంగ్లండులో రాజులూ పార్లమెంటూ పడిన తగాదాలకు నంద్యాల కూలివాడు మెదక్ కూలివాడితో ఒకే బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభురాత్రి భోజనంలో) పాలుపొందకపోవడం ఏమి న్యాయం? ఆ ప్రకటన గురించి ఎప్పుడు చదివినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అక్కడినుంచి ఐక్యతకు ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. అజరయ్య గారు 1945 జనవరి 1న కన్నుమూశారు, చూడలేకపోయారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో సి.ఎస్.ఐ. పుట్టింది. ఒప్పందం ఏమిటంటే, ఇకమీదట గురువులందరికీ బిషప్పులే చేతులుంచి అభిషేకం చేస్తారు. అప్పటికే ఉన్న వెస్లియన్, లండన్ మిషన్ పాస్టర్లకు మాత్రం మళ్ళీ అభిషేకం చెయ్యరు, అలా చేస్తే ఇన్నాళ్ళ వాళ్ళ సేవ చెల్లదన్నట్టే కదా. ఏ సంఘం మీదా వాళ్ళకు ఇష్టం లేని ఆరాధననూ, అయ్యగారినీ రుద్దకూడదని మాట ఇచ్చుకున్నారు. ముప్పై ఏళ్ళు గడిచాక మిగతా సంగతి చూసుకుందామనుకున్నారు. కొత్తగా బిషప్పులయినవాళ్ళకు కూడా పాత బిషప్పులే చేతులుంచారు. అంటే ఈనాడు మెదక్‌లో మీ పెళ్ళి చేసే అయ్యగారికి బిషప్పు చేతులు పడే ఉంటాయి. జేజికి ఈ ఒక్క ముక్క నెమ్మదిగా చెప్పండి.

ఇంత చక్కటి ఏర్పాటును నంద్యాల ఎందుకు కాదంది? మొండితనం అంటారు కొందరు. నేను ఒప్పుకోను. వాళ్ళు మాల మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. అక్షరం నేర్పిన బడి, మోకరించిన బలిపీఠం, చేతిలో ప్రార్థన పుస్తకం, వీటితోనే ఊళ్ళో తలెత్తుకు తిరిగారు. దాన్ని మార్చేవాళ్ళు పల్లెకు వచ్చి అడగలేదు, పెద్ద సభల్లో ఓటేసుకున్నారు. పైగా లండన్‌లోని ఎస్.పి.జి.యే ఈ ఐక్యతను మనసారా ఒప్పుకోలేదు. సి.ఎస్.ఐ.లో చేరినవాళ్ళకు సాధారణ నిధి నుంచి కాక వేరే ఖాతా నుంచి డబ్బిచ్చింది. 1948లో లండన్‌లోని లాంబెత్‌లో చేరిన ఆంగ్లికన్ బిషప్పులు కూడా ఆ గురువుల గురించి ఒక్కమాట మీదకు రాలేకపోయారు. ఇంగ్లండులో అంత పెద్దవాళ్ళే తేల్చుకోలేనప్పుడు, పాత విశ్వాసాన్ని గట్టిగా పట్టుకున్న మన పల్లెవాళ్ళను తప్పుపట్టడం భావ్యం కాదు.

కానీ దాని ఖరీదు నేను కళ్ళారా చూశాను. మా ఊళ్ళో ఎక్కువమంది పాత ఆంగ్లికన్ సభలోనే ఉండి కలకత్తాలోని మెట్రోపాలిటన్ (పెద్ద బిషప్పు) కింద నడిచారు. కొన్ని ఇళ్ళవాళ్ళు సి.ఎస్.ఐ.లో కలిశారు, అందులో మా పెద్ద మేనమామ ఇల్లు ఒకటి. పండక్కి మా ఇంటికి వస్తే అమ్మ వడ్డించింది తినేవాడు, మా నాన్న పక్కనే కూర్చుని పాటలు పాడేవాడు. గుళ్ళో ప్రభురాత్రి భోజనం మొదలయ్యేసరికి లేచి బయట వేపచెట్టు కింద నిలబడేవాడు. రానని కాదు, మా నాన్నకు ఇబ్బంది అవుతుందని. అమ్మ రొట్టె తీసుకుని వెనక్కి వస్తూ కొంగుతో ముఖం తుడుచుకునేది. సొంత తమ్ముడితో కలిసి ఒక్క రొట్టె తినలేకపోయింది.

1963లో నంద్యాలకు సొంత డయోసిస్ వచ్చింది. 1970లో నాగపూర్‌లో ఉత్తరాది సంఘాలు కలిసి సి.ఎన్.ఐ. (చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా) అయ్యేసరికి మనవాళ్ళు పట్టుకున్న ఆ పాత సభే అందులో కలిసిపోయింది. చివరికి 1975లో నంద్యాల సి.ఎస్.ఐ.లోకి వచ్చింది, దాని డయోసిస్ దానికి అలాగే ఉంది. ఎవరూ ఓడిపోలేదు.

నాదొక సలహా. మీ నంద్యాల అయ్యగారిని కూడా పెళ్ళికి పిలవండి, అక్కడి అయ్యగారితో కలిసి ఆశీర్వాదం ఇవ్వమనండి. పెళ్ళిలో ప్రభురాత్రి భోజన సంస్కారం కూడా పెట్టించుకోండి. సి.ఎస్.ఐ. ఆరాధనలో శాంతిని చేతిలోంచి చేతిలోకి అందిస్తారు కదా, 1950 నాటి క్రమంలోనే ఆ పద్ధతి పెట్టారు. అబ్బాయిని ముందు జేజి దగ్గరికే వెళ్ళమనండి.

ప్రశ్న: మెదక్ వాళ్ళు మెథడిస్టులే అయితే హైదరాబాద్‌లో మెథడిస్టు చర్చి వేరుగా ఎందుకుంది? – జహీరాబాద్ పాఠకుడు

జవాబు: మెదక్ కెథీడ్రల్ కట్టించిన వెస్లియన్లు బ్రిటిష్ మెథడిస్టులు, వాళ్ళు 1947లోనే కలిశారు. మీరంటున్నది అమెరికన్ మెథడిస్టుల సంఘం. వాళ్ళకు ముందునుంచీ సొంత బిషప్పులున్నారు, దేశమంతా ఒకే సంస్థ. దక్షిణాదిని ఒకచోట, ఉత్తరాదిని ఒకచోట కలిపితే తాము రెండు ముక్కలవుతామన్న భయం ఉండేది. 1970లో సి.ఎన్.ఐ.లో చేరడానికి అంతా సిద్ధమై చివరి ఘడియలో తప్పుకున్నారు. 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా స్వతంత్రులయ్యారు.

ప్రశ్న: మా టౌన్లో 'ఆంగ్లికన్' అని కొత్త బోర్డు పెట్టారు. అది సి.ఎస్.ఐ.యేనా? – అనంతపురం పాఠకురాలు

జవాబు: బోర్డు చూసి చెప్పలేం. 1960ల్లో కేరళలో దళిత క్రైస్తవులు సి.ఎస్.ఐ.లో తమకు సమాన స్థానం లేదని బయటికొచ్చి ఆంగ్లికన్ పేరుతో సంఘం పెట్టుకున్నారు. అది సిద్ధాంతాల తగాదా కాదు, కులం చేసిన గాయం. ఐక్యత గురించి గొప్పగా చెప్పుకునే మా తరం దానికి జవాబు చెప్పుకోవాలి. 1970 తర్వాత పాత సభ మేమేనంటూ మరికొన్ని చిన్న గుంపులు పుట్టాయి, ఆస్తుల కోసం కోర్టులకెక్కాయి. ప్రపంచ ఆంగ్లికన్ సమాజంలో మన దేశం నుంచి గుర్తింపు ఉన్నవి సి.ఎస్.ఐ., సి.ఎన్.ఐ. అక్కడి పాస్టరు గారిని రెండు విషయాలు అడగండి: మీకు అభిషేకం ఇచ్చిన బిషప్పు ఎవరు, ఈ స్థలం ఎవరి పేరున ఉంది. చందా రాయడానికి ముందే అడగండి.