మిస్‌కాండక్ట్ అని రాసి తీసేస్తే అన్‌ఎంప్లాయ్‌మెంట్ రాదా?

శాన్ హోసేలో స్టోర్ ఉద్యోగానికి లేట్‌గా వస్తున్నారని తీసేశారు, కాగితం మీద మిస్‌కాండక్ట్ (దుష్ప్రవర్తన) అని రాశారు, ఇక అన్‌ఎంప్లాయ్‌మెంట్‌కి, అంటే ఉద్యోగం పోయినప్పుడు ఇచ్చే భృతికి, అప్లై చేయడం దండగేనా అని అడిగారు. దండగ కాదండీ. ఈ రోజే అప్లై చేయండి. ఆ మాట రాసింది కంపెనీ, తేల్చాల్సింది ఈడీడీ, అంటే కాలిఫోర్నియాలో ఈ భృతి చూసే ప్రభుత్వ శాఖ.

నాకూ కాలిఫోర్నియాలోనే ఇది జరిగింది. మా బాబుకి ఆస్తమా. రాత్రి ఆయాసం ఎక్కువైతే పొద్దున షిఫ్టుకి ఆలస్యమయ్యేది. వార్నింగ్ లెటర్ ఇచ్చారు, తర్వాత తీసేశారు. ఈడీడీ నుంచి ఫోన్ చేసినావిడ పాత లేట్ల జోలికి పెద్దగా పోలేదు. ఆఖరి రోజు ఏం జరిగింది, ముందే చెప్పారా, ఎవరికి చెప్పారు, అవే అడిగింది. మీరు కూడా ఆ చివరి సంఘటన మీదే మాట్లాడండి.

అయినా మొదట నాకు రాదనే ఉత్తరం వచ్చింది. ఉత్తరం మీదున్న తేదీ నుంచి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, ఫారం దాంతోనే వస్తుంది. విచారణ ఫోన్‌లో జరిగింది. కంపెనీ తరఫున నేనెప్పుడూ చూడని హెచ్ఆర్ ఆవిడ ఫైలు చదివింది. "ఆ రోజు మీరు అక్కడ ఉన్నారా?" అని జడ్జి అడిగారు. లేనంది. నా దగ్గర సూపర్‌వైజర్‌కి తెల్లవారుజామున పెట్టిన మెసేజ్ ఉంది: బాబుని ఈఆర్‌కి (ఆసుపత్రి ఎమర్జెన్సీకి) తీసుకొచ్చాను, లేటవుతుంది అని. దాని కింద ఆయన పెట్టిన ఓకే కూడా ఉంది. తీర్పు నాకే వచ్చింది.

చట్టం దృష్టిలో మిస్‌కాండక్ట్ అంటే కావాలని యజమాని ప్రయోజనాన్ని లెక్కచేయకపోవడం. 1941లో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు ఇచ్చిన ఈ నిర్వచనాన్నే కాలిఫోర్నియా కోర్టులూ తీసుకున్నాయి. పని సరిగ్గా రాకపోవడం, ఎప్పుడో ఒకసారి జరిగిన అజాగ్రత్త, మంచి ఉద్దేశంతో చేసిన పొరపాటు దీని కిందికి రావు. దొంగతనం, తాగి రావడం వేరే సంగతి. కారణం లేకుండా, చెప్పకుండా, వార్నింగ్ తర్వాత కూడా లేట్‌గా వెళ్తూంటే అదీ కష్టమే. కానీ నిరూపించాల్సింది కంపెనీ.

అందుకే, మీ చేత రాజీనామా రాయించుకోవాలని చూస్తే సంతకం పెట్టకండి. మీ అంతట మీరే మానేశారని లెక్క కడితే, బలమైన కారణం ఉందని చూపించే బరువు మీ మీద పడుతుంది. అలాగే అప్లికేషన్‌లో లేఆఫ్ అని అబద్ధం రాయొద్దు. తప్పుడు సమాచారంతో డబ్బు తీసుకున్నారని తేలితే తిరిగి కట్టడమే కాక, దాని మీద 30 శాతం పెనాల్టీ కూడా.

అప్పీలు నడుస్తున్నంత కాలం రెండు వారాలకోసారి సర్టిఫై చేస్తూనే ఉండండి, అంటే ఆ వారాల్లో ఇంకా ఉద్యోగం లేదని, వెతుకుతున్నారని ఈడీడీకి తెలపడం. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. గెలిచినా సర్టిఫై చేయని వారాలకు డబ్బు రాదు. వారానికి గరిష్ఠంగా 450 డాలర్లు, మామూలుగా 26 వారాల దాకా. ఈ ఊళ్లో అద్దెకే చాలదు, కానీ ఆ టైములో మాకు కిరాణా అంతా దాంతోనే గడిచింది.

గ్రీన్ కార్డుకి దెబ్బేమోనన్న మీ టెన్షన్ కూడా వదిలేయండి. ఇది కంపెనీలు కట్టే పన్నుతో నడిచే బీమా, పబ్లిక్ చార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడే మనిషి) లెక్కలోకి రాదు. మీరు హెచ్4 (హెచ్1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) అన్నారు కాబట్టి ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు, మాత్రం చెల్లుబాటులో ఉండాలి. విచారణలో ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే అడగండి, డబ్బులేమీ తీసుకోరు.